పిల్లాడితో టర్కీ వేట: రూస్ట్‌కి ఎంత దగ్గరగా కూర్చోవచ్చు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బాబుకి పదేళ్లు, హంటర్ ఎడ్యుకేషన్ పూర్తి చేశాడు. టెక్సస్‌లో మేసన్ కౌంటీలో మీ కొలీగ్‌కి ర్యాంచ్ ఉంది. అక్కడ లానో నది ఒడ్డున పెకాన్ చెట్ల మీదకి రోజూ పొద్దుగూకే వేళ టర్కీలు ఎక్కి రాత్రి గడుపుతున్నాయి, రూస్ట్ అంటే అదే. యూత్ వీకెండ్‌లో (పిల్లలు మాత్రమే వేటాడే వారాంతం) తెల్లవారకముందే ఆ చెట్ల కిందకి చేరిపోతే, అవి దిగగానే బాబు కొట్టేస్తాడు కదా, ఎంత దగ్గరదాకా వెళ్లొచ్చు అని.

చెట్ల కిందకి మాత్రం వద్దు. మీరు ఒక్కరే వెళ్తుంటే 120, 150 గజాలు అనేవాడిని. బాబుతో వెళ్తున్నారు కాబట్టి 200 గజాలు ఉంచండి. ఇంకో 50 గజాలు పెరిగినా నష్టం లేదు. నేను ఇక్కడ హంటర్ ఎడ్యుకేషన్ క్లాసులకి వాలంటీర్‌గా వెళ్తుంటాను, నాన్నల దగ్గర తరచూ వినే మాట ఒకటుంది: వీడికి ఓపిక తక్కువ, గురి కూడా అంతంతమాత్రమే, కాబట్టి పక్షికి బాగా దగ్గరగా తీసుకెళ్తే పని త్వరగా అయిపోతుంది అని. రూస్ట్ దగ్గర లెక్క తిరగబడుతుంది. పిల్లాడు ఎంత చిన్నవాడైతే అంత దూరం కూర్చోవాలి.

ఎందుకంటే టర్కీకి ఉన్నదంతా కళ్లలోనే ఉంది. చీకట్లో దానికి చూపు సరిగా ఆనదు. అందుకే కయోటీలు, బాబ్‌క్యాట్‌లు అందుకోలేనంత ఎత్తులో కొమ్మ పట్టుకుని రాత్రి గడుపుతుంది. తూర్పు కాస్త తెల్లబడిందంటే మాత్రం ఆ కొమ్మ దానికి కాపలా మంచె. తల తిప్పకుండానే దాదాపు 270 డిగ్రీల మేర చూస్తుంది, మెడ కొద్దిగా తిప్పితే చుట్టూ కనిపిస్తుంది. రంగులు తెలుస్తాయి, చిన్న కదలిక కూడా తెలుస్తుంది. వాసన పసిగట్టడం దాదాపు లేదు కాబట్టి జింకల వేటలోలాగా గాలి ఎటు వీస్తోందని చూసుకునే పని తప్పుతుంది, అంతే.

దీనికి తోడు మీవి పెకాన్ చెట్లు. హిల్ కంట్రీలో, అంటే ఈ మధ్య టెక్సస్ కొండ ప్రాంతంలో, అన్నిటికంటే ఆలస్యంగా చిగురించే చెట్లలో పెకాన్ ఒకటి. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో చుట్టుపక్కల చెట్లు పచ్చబడుతున్నా పెకాన్ కొమ్మలు బోసిగానే ఉంటాయి. కిందున్న మీకు పక్షులు ఎంత స్పష్టంగా కనిపిస్తాయో, పైనున్న పక్షులకి మీరిద్దరూ అంతకంటే స్పష్టంగా కనిపిస్తారు. అదే లైవ్ ఓక్ మీద రూస్ట్ అయితే ఆకు అడ్డం ఉండేది, ఇంకాస్త దగ్గరికి వెళ్లినా చెల్లేది.

ఇప్పుడు బాబు సంగతి. 60 గజాల్లో కూర్చుంటే తొలి వెలుగు కంటే గంట ముందు నుంచి, పక్షులు దిగేదాకా, అంటే దాదాపు గంటన్నర పాటు దగ్గు, తుమ్ము, గోకుడు, గుసగుస ఏదీ కుదరదు. పదేళ్ల పిల్లాడి నుంచి అది ఆశించడం అన్యాయం. 200 గజాల్లో అయితే చెవిలో మాట్లాడుకోవచ్చు, కాళ్లు చాపుకోవచ్చు, నీళ్లు తాగొచ్చు. పుంజు కొమ్మ మీద నుంచి మొదటిసారి గాబుల్ చేసినప్పుడు, అంటే గొంతెత్తి అరిచినప్పుడు, వాడు ఉలిక్కిపడి మీ చెయ్యి పట్టుకుంటాడు. ఆ కదలిక 60 గజాల్లో అయితే వేట ముగిసినట్టే.

సరే, అదృష్టం కొద్దీ చెట్ల కింద ఎవరూ పసిగట్టలేదనుకుందాం. అప్పుడు కూడా మంచి షాట్ దొరకదు. చెట్టు మీద ఉన్న పక్షిని కాల్చడం చాలా రాష్ట్రాల్లో నేరం, మిగతా చోట్ల కూడా ఒళ్లు తెలిసిన వేటగాడు చేయడు. తుపాకి గొట్టం ఆకాశం వైపు ఎత్తి కాలిస్తే గుళ్లు ఎక్కడ పడతాయో తెలియదు. ఇక దిగేటప్పుడు అవి ఒక్కొక్కటిగా మర్యాదగా దిగవు. అక్కడుండే రియో గ్రాండే రకం టర్కీలు గుంపు పక్షులు, నాలుగైదు కలిసి రెక్కలు టపటపలాడిస్తూ ఒకే చోట వాలతాయి. షాట్‌గన్ గుళ్లు వందల్లో విచ్చుకుంటాయి కాబట్టి ఒకదాన్ని గురి చూసినా వెనకున్న పెట్టకి తగలొచ్చు. పైగా ఆ మసక వెలుతురులో దేనికి గడ్డం ఉందో, దేనికి లేదో బాబుకి తెలియదు. వసంత సీజన్లో మేసన్ కౌంటీలో కొట్టదగ్గది పుంజు లేదా గడ్డం ఉన్న పెట్ట. గడ్డం అంటే ఛాతీ మీద గుర్రపు తోక వెంట్రుకల్లా వేలాడే ఈకలు. అది కనిపించకుండా ట్రిగ్గర్ మీదకి వేలు వెళ్లకూడదు.

ఇంకో కారణం ర్యాంచ్ యజమాని కోసం. పశ్చిమ, మధ్య టెక్సస్‌లో పొడవాటి చెట్లు ఎక్కడపడితే అక్కడ ఉండవు, నది ఒడ్డునో వాగు పక్కనో మాత్రమే ఉంటాయి. అందుకే రియో గ్రాండే టర్కీలు ఏళ్ల తరబడి అవే చెట్లని నమ్ముకుంటాయి. జంక్షన్ ఊరి దగ్గర సౌత్ లానో రివర్ స్టేట్ పార్క్‌లో నది ఒడ్డున పెద్ద పాత రూస్ట్ ఉంది. శీతాకాలంలో, అక్టోబర్ నుంచి మార్చి వరకు, ఆ చెట్ల ప్రాంతానికి జనం వెళ్లకుండా పార్క్ వాళ్లు ఆంక్షలు పెడతారు. ఒక ప్రభుత్వ పార్కే అంత జాగ్రత్త పడుతుంటే, స్నేహితుడి ర్యాంచ్‌లో ఆ చెట్ల కింద తుపాకి పేల్చడం ఏం బాగుంటుంది? పక్షులు నది దాటి పక్క ర్యాంచ్‌కి మకాం మార్చేస్తే వచ్చే ఏడాది మీకు ఆహ్వానం ఉండదు.

కాగితాల సంగతి క్లుప్తంగా. టెక్సస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లల లైసెన్స్ 7 డాలర్లు, టర్కీకి పెద్దవాళ్లు కొనాల్సిన అప్‌లాండ్ గేమ్ బర్డ్ ఎండార్స్‌మెంట్ అనే అదనపు అనుమతి వాళ్లకి అక్కర్లేదు. యూత్ వీకెండ్‌లో కాల్చేది బాబు మాత్రమే, మీరు కాదు. అయినా మీరు కూడా లైసెన్స్ తీసుకోండి, దానికి మన వాళ్ల విషయంలో ప్రత్యేక కారణం ఉంది. మీ వీసా ఏమిటో రాయలేదు. హెచ్-1బి లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ బెడద లేదు. బాబు ఇక్కడే పుట్టి అమెరికా పౌరుడైనా, కారులో తుపాకి మోసుకెళ్లేది మీరు కదా. లైసెన్స్ గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకోండి, ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒక్కమాట అడిగి బయల్దేరండి. ఇది పిరికితనం కాదు, వీసా మీద ఉన్నవాళ్లకి తప్పని జాగ్రత్త.

ఇలాంటి స్నేహితుడు, ర్యాంచ్ లేనివాళ్లు దీన్ని చదువుతుంటే వాళ్లకి: టెక్సస్‌లో భూమి దాదాపు అంతా ప్రైవేటుదే, కాబట్టి ముందుగా టెక్సస్ యూత్ హంటింగ్ ప్రోగ్రామ్ చూడండి. 9 నుంచి 17 ఏళ్ల పిల్లల్ని అనుభవమున్న గైడ్‌లతో ర్యాంచ్‌లకి తీసుకెళ్తారు, తల్లో తండ్రో వెంట ఉంటారు. మొదటిసారికి అంతకంటే మంచి దారి నాకు తెలియదు.

ఇక అసలు పని. అది ముందు రోజు మధ్యాహ్నం మొదలవుతుంది. పక్షులు మేతకి దూరంగా వెళ్లి ఉంటాయి కాబట్టి ఆ వేళ చెట్ల దాకా వెళ్లి చూడొచ్చు. బాబుని తప్పకుండా తీసుకెళ్లండి, వాడికి వేటంటే ఏమిటో సగం అక్కడే తెలుస్తుంది. కింద రెట్టలు చూపించండి: పుంజుది పొడుగ్గా ఉండి చివర కొక్కెంలా వంకర తిరుగుతుంది, పెట్టది చుట్ట చుట్టినట్టు ఉంటుంది. ర్యాంచ్ మట్టిరోడ్డు మీద అడుగుల జాడకి రెండు పక్కలా సన్నటి గీతలు కనిపిస్తే అక్కడ పుంజు పురివిప్పి, రెక్కల అంచులు నేలకి రాస్తూ తిరిగిందని అర్థం. తెల్లారగానే అవి ఎటు దిగుతాయన్నదానికి ఇంతకంటే మంచి ఆధారం ఉండదు. చెట్ల నుంచి సుమారు 200 గజాల్లో, ఆ గీతలున్న వైపు, బయలు ప్రదేశం అంచున బ్లైండ్ (దాక్కుని కూర్చునే చిన్న గుడారం) వేయండి. పాప్-అప్ బ్లైండ్ ఖర్చనుకోకండి, పిల్లాడితో వెళ్లేవాళ్లకి అది సగం బలం. మీకూ చెట్లకీ మధ్య వాగు గానీ కంచె గానీ రాకుండా చూసుకోండి. పుంజు కంచె దాకా వచ్చి అవతలే అటూ ఇటూ తిరుగుతూ ఆగిపోవడం ఈ వేటలో అందరికీ ఎదురయ్యే తలనొప్పి. వీలైతే చెట్లకి తూర్పు వైపు కూర్చోండి. పొద్దు మీ వెనక నుంచి ఎక్కుతుంది, బాబు కళ్లలో ఎండ పడదు.

ఆ సాయంత్రం మళ్లీ దగ్గరికి వెళ్లొద్దు. మూడు నాలుగు వందల గజాల అవతల గుట్ట మీద బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చోండి. పక్షులు ఒక్కొక్కటే ఎగిరి కొమ్మలెక్కే చప్పుడు వినిపిస్తుంది. గుడ్లగూబ కూతకో, దూరంగా వేసిన కారు డోర్ శబ్దానికో పుంజు ఉండబట్టలేక గాబుల్ చేస్తుంది. ఎన్ని గొంతులు, ఏ చెట్టు అన్నది బాబు చేత లెక్క పెట్టించండి. అన్నట్టు, మీరుండే ఫ్రిస్కో (డల్లాస్ పక్క ఊరు) నుంచి రాత్రికి రాత్రి నాలుగైదు గంటలు డ్రైవ్ చేసి నేరుగా బ్లైండ్‌లోకి వెళ్లే ప్లాన్ ఉంటే మానుకోండి. మేసన్‌లోనో ర్యాంచ్‌లోనో పడుకోండి. నిద్ర చాలని పిల్లాడి చేతికి తుపాకి ఇవ్వకూడదు.

ఏప్రిల్ మొదట్లో అక్కడ సూర్యోదయం ఉదయం 7:20 ప్రాంతంలో. కాల్చడానికి చట్టబద్ధమైన సమయం దానికి అరగంట ముందు మొదలవుతుంది. మొదటి గాబుల్ ఆ సమయానికి కాస్త అటూ ఇటూగా వినిపిస్తుంది, పక్షులు సాధారణంగా ఏడు నుంచి సూర్యోదయం లోపు దిగుతాయి. మబ్బు పట్టినా, చినుకు పడినా ఇంకా ఆలస్యం చేస్తాయి. మీరు ఆరు గంటలకల్లా బ్లైండ్‌లో ఉండాలి. పిల్లలు చీకట్లో నెమ్మదిగా నడుస్తారు, ఒకసారి తప్పకుండా బాత్రూం అంటారు, ఒక గ్లౌజు ఎక్కడో పడేస్తారు. దానికి సమయం కలుపుకుని బయల్దేరండి. చేతి లైటు నేల వైపే ఉంచండి, ఎర్ర వెలుతురైతే మంచిది, చెట్లు దగ్గరపడ్డాక అదీ ఆపేయండి. తుపాకి మీరే మోయండి, ఖాళీగా. కూర్చుని, అన్నీ సర్దుకుని, గొట్టం కిటికీ బయటికి పెట్టాకే తూటా ఎక్కించాలి.

బట్టల విషయంలో ఒకటే గట్టి నియమం: ఎరుపు, తెలుపు, నీలం కనిపించకూడదు. పుంజు తల రంగులు అవే, వేరే వేటగాడెవరైనా ఉంటే పొరబడే ప్రమాదం ఉంది. బాబు లోపల వేసుకున్న ఎర్ర టీషర్ట్, తెల్ల సాక్సులు కూడా చూడండి. ఆ ఉదయం ర్యాంచ్‌లో ఇంకెవరు వేటాడుతున్నారో యజమానిని అడిగి తెలుసుకోండి. ఎవరైనా మీ వైపు వస్తున్నట్టు కనిపిస్తే చెయ్యి ఊపకుండా, గట్టిగా మాట్లాడి మీరున్నారని తెలియజేయాలి. పిడుదులు, చిగ్గర్లు (కుట్టే సన్నటి పురుగులు), ఎర్ర చీమలు, రాటిల్ స్నేక్‌లు అన్నీ ఉన్న నేల అది. బూట్లకి, ప్యాంట్లకి ముందురోజే పర్మెత్రిన్ అనే పురుగుల మందు కొట్టి ఆరబెట్టండి, చెయ్యి పెట్టే ముందు చూసి పెట్టమని చెప్పండి. తినడానికి చిప్స్ ప్యాకెట్ వద్దు, ఆ చప్పుడు నది అవతలికి వినిపిస్తుంది. మేమైతే మెత్తటి డబ్బాలో పులిహోర పట్టుకెళ్తాం.

పిలుపు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే రూస్ట్ దగ్గర ఎక్కువ మంది చెడగొట్టుకునేది ఇక్కడే. ప్రకృతిలో పుంజు కొమ్మ మీద నుంచి అరుస్తుంది, పెట్టలు దాని దగ్గరికి వెళ్తాయి. మీరు కింద నుంచి పెట్టలా పిలుస్తున్నారంటే ఆ వరసని తలకిందులు చేయమని అడుగుతున్నట్టు. కొమ్మ మీదుండగానే గట్టిగా, మళ్లీ మళ్లీ పిలిస్తే అది ప్రతిదానికీ గాబుల్ చేస్తూ అక్కడే కూర్చుంటుంది. ‘ఆ పెట్ట ఎలాగూ కింద తయారుగా ఉంది, అదే వస్తుందిలే’ అన్నది దాని ధోరణి. మీకేమో పలుకుతోంది కదా అని ఉత్సాహం పెరిగి ఇంకా పిలుస్తారు. అరగంట అలా గడిచాక నిజం పెట్టలు దాన్ని వేరే దారిన తీసుకెళ్లిపోతాయి.

కాబట్టి చెట్టు మీదున్నంతసేపు నిద్రమత్తులో ఉన్న పెట్టలా మూడు నాలుగు మెత్తటి కూతలు చాలు. పలికిందా, మీరున్న చోటు దానికి తెలిసిపోయింది. ఇక నోరు కట్టేసుకోండి. రెక్కల చప్పుడు వినిపించాక టోపీతో తొడ మీద టపటపా కొట్టి, మీరు కూడా నేల మీద వాలినట్టు వినిపించండి, తర్వాత కాస్త గట్టిగా ఒకటి రెండు యెల్ప్‌లు (పెట్ట పిలుపు కూతలు) వేయండి. ఈ టోపీ పని బాబుకి అప్పగించండి. పెట్టలా పిలవడానికి నోట్లో పెట్టుకునే డయాఫ్రం కాల్ పిల్లలకి త్వరగా పట్టుబడదు. చెక్క బాక్స్ కాల్ మాత్రం వారం రోజుల్లో నేర్చుకుంటారు, ఇంట్లో వాళ్లందరినీ విసిగించి మరీ నేర్చుకుంటారు. పొద్దెక్కాక పిలిచే బాధ్యత వాడిదే అనండి. వాడి పిలుపుకి నిజమైన పుంజు బదులిస్తే, ఆ ఉదయం తుపాకి పేలకపోయినా వాడికి లోటు అనిపించదు.

గుంపులో పెద్ద పెట్ట ఒకటి గట్టిగా అరుస్తుంటే పుంజుని వదిలేసి దానితోనే మాట కలపండి. అది ఎలా అరిస్తే అలాగే, దాని మాట తెగకముందే అందుకుని తిరిగి అరవండి. ఒక్కోసారి ఆ పెట్టకి రోషమొచ్చి ఈ కొత్తది ఎవరో తేల్చుకుందామని నేరుగా మీ మీదకే వస్తుంది, పుంజులు దాని వెనకే వస్తాయి.

డెకాయ్‌గా ఒక పెట్ట బొమ్మ చాలు, 15 గజాల్లో పెట్టండి. దానివల్ల పుంజు చూపు బ్లైండ్ మీద కాకుండా బొమ్మ మీద ఉంటుంది, పైగా బాబుకి దూరం అంచనా సులభమవుతుంది. బొమ్మ దాటి పది గజాల లోపు ఉంటేనే మన పక్షి. పుంజు తోక ఈకలు అడ్డం పెట్టుకుని పాక్కుంటూ వెళ్లే పద్ధతి యూట్యూబ్‌లో చూసి ఉంటారు. పిల్లాడితో దాని ఊసే వద్దు.

తుపాకి విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు: పదేళ్ల పిల్లాడికి 12 గేజ్ (పెద్ద గొట్టం ఉండి గట్టిగా తన్నే షాట్‌గన్) ఇవ్వకండి. ఒక్కసారి భుజం అదిరితే రెండోసారి ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకుంటాడు, ఆ అలవాటు పోవడానికి చాలా కాలం పడుతుంది. పొట్టి స్టాక్ (భుజానికి ఆనించే భాగం) ఉన్న, గొట్టం చిన్నదైన 20 గేజ్ గానీ, 410 బోర్ గానీ తీసుకోండి. ఒకప్పుడు 410తో టర్కీ వేట అంటే నవ్వేవాళ్లు. టీఎస్‌ఎస్ అనే టంగ్‌స్టన్ గుళ్లు వచ్చాక పరిస్థితి మారింది. సీసం సాంద్రత ఘన సెంటీమీటర్‌కి 11 గ్రాములు, ఈ గుళ్లది 18. అందువల్ల 9 నంబర్ సైజు చిన్న గుళ్లు కూడా లోతుగా దిగుతాయి, తూటాలో ఎక్కువ సంఖ్యలో పడతాయి. ధర మాత్రం గట్టిగానే ఉంటుంది. ప్రాక్టీస్ అంతా తేలికపాటి తూటాలతో చేయించి, అసలు తూటా ఒకటి రెండు మీరే కాగితం మీద కాల్చి 25 గజాల్లో గుళ్లు ఎలా పరుచుకుంటున్నాయో చూడండి. బాబుకి ఆ 25 గజాలే హద్దు, పక్షి 35లో నిలబడి ఊరిస్తున్నా సరే. రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే అద్దం) పెట్టించండి, పిల్లలు బీడ్ (గొట్టం చివరి పూస) చూసేటప్పుడు తల పైకెత్తేస్తారు, గుళ్లు పక్షి మీంచి పోతాయి. తుపాకి బరువు ట్రైపాడ్ మీద ఉండాలి, వాడి చేతుల మీద కాదు. బ్లైండ్‌లో చప్పుడు బయటకంటే ఎక్కువ, ఇద్దరికీ చెవి రక్షణ తప్పనిసరి. ఎలక్ట్రానిక్ మఫ్స్ అయితే పక్షి అరుపు కూడా బాగా వినిపిస్తుంది.

ముందే మూడు మాటలు ఖాయం చేసుకోండి. ‘గడ్డం?’ అని మీరు అడగాలి, కనిపిస్తోందని వాడు చెప్పాలి. ‘తీయ్’ అంటే సేఫ్టీ తీయాలి. ‘ఆగు’ అంటే వెంటనే వేలు బయటికి రావాలి. ఆ టెన్షన్‌లో వాడి చెవికి పొడుగు వాక్యాలు ఎక్కవు. పుంజు పురివిప్పి ఉన్నప్పుడు మెడ లోపలికి లాక్కుని ఉంటుంది, అప్పుడు కాల్చనివ్వకండి. మీరు నోటితో చిన్నగా ‘టక్’మనండి, ఈకలు ముడుచుకుని మెడ నిక్కిస్తుంది. ఈకలు ఆగిపోయి బోడి మెడ మొదలయ్యే చోట చుక్క పెట్టమనండి. వెనక ఇంకో పక్షి ఉంటే ‘ఆగు’.

చిన్న పుంజు, అంటే ఏడాది వయసు జేక్ వస్తే? తోక విప్పినప్పుడు మధ్య ఈకలు పక్కవాటికంటే పొడుగ్గా ఉంటే అది జేక్. చట్టప్రకారం కొట్టొచ్చు, తొలి వేటలో పిల్లాడు దాన్నే కొడితే నేను వద్దనను. పెద్ద పుంజు కావాలన్న పట్టు తరచుగా నాన్నదే అయి ఉంటుంది. గడ్డం ఉన్న పెట్టని మాత్రం, చట్టం ఒప్పుకున్నా, గూడు పెట్టే రోజులు కాబట్టి వదిలేయమంటాను.

ఇంతా చేసి పక్షులు దిగి మరో వైపు వెళ్లిపోవచ్చు. ఎక్కువసార్లు అలాగే జరుగుతుంది, పుంజు చుట్టూ పెట్టలున్నంతసేపు బ్లైండ్‌లోంచి వచ్చే గొంతుతో దానికి పనుండదు. అప్పుడు వెంటపడకండి, చెట్ల వైపు అసలే వెళ్లకండి. కారు దగ్గరికి తిరిగి వెళ్లి వేడిగా ఏదైనా తినిపించండి, కాసేపు పడుకోనివ్వండి. తొమ్మిదిన్నర, పదకొండు మధ్య పెట్టలు ఒక్కొక్కటే గుడ్లు పెట్టడానికి జారుకుంటాయి, పుంజు ఒంటరిగా మిగులుతుంది. పొద్దున మీ పిలుపు ఎక్కడి నుంచి వచ్చిందో దానికి గుర్తుంటుంది. ఎన్నోసార్లు ఆ వేళకి చప్పుడు చేయకుండా, గాబుల్ కూడా లేకుండా ఆ చోటు వెతుక్కుంటూ నడిచి వస్తుంది. వెలుతురు బాగుంటుంది, బాబు నిద్రమత్తు వదిలి ఉంటాడు, పక్షి ఒక్కటే ఉంటుంది. పిల్లలతో వెళ్లినప్పుడు నేను నమ్ముకునేది ఈ రెండో వేళనే. పొద్దున రూస్ట్‌ని కదిలించకుండా ఉంటేనే ఈ అవకాశం మిగులుతుంది. 200 గజాలు అని మొదట్లో పట్టుబట్టడానికి ఇది కూడా కారణం.

ఏ క్షణంలోనైనా బాబు ‘నాన్నా, నేను కాల్చను’ అంటే తూటా తీసేసి, బైనాక్యులర్స్ చేతికిచ్చి చూడమనండి. ఎందుకని ఆరా తీయొద్దు, ‘ఇంత దూరం వచ్చాం కదా’ అనొద్దు. మన ఇళ్లలో ఇంకో కోణం కూడా ఉంది. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమన్న స్పృహతో పెరిగినవాళ్లం, ఇంట్లో పెద్దవాళ్లకి ఇది మింగుడుపడకపోవచ్చు. వాళ్లు అడిగితే చెప్పడానికి వాడికి ఈ కథ తెలిసి ఉండాలి: 1930ల నాటికి విచ్చలవిడి వేట వల్ల, అడవులు నరికేయడం వల్ల అమెరికాలో టర్కీలు ఎన్నో లక్షల నుంచి రెండు లక్షల స్థాయికి పడిపోయాయి. 1937లో తుపాకులు, తూటాల మీది పన్ను డబ్బుని వన్యప్రాణులకే ఖర్చు పెట్టే చట్టం వచ్చింది. తర్వాత వలలతో బతికున్న పక్షుల్ని పట్టి, కనుమరుగైన చోట్లకి తరలించి వదిలారు. ఇప్పుడు దేశంలో దాదాపు 60 లక్షలున్నాయి. ఇక్కడి సీజన్, లైసెన్స్, లెక్క అన్నీ ఆ వ్యవస్థలో భాగం.

తూటా తగిలాక పక్షి నిమిషం పాటు రెక్కలు కొట్టుకుంటుంది. ప్రాణం పోయినా కండరాలు ఆగవని ఇంటి దగ్గరే చెప్పి ఉంచండి, లేకపోతే పిల్లలు బెదిరిపోతారు. తుపాకి మీరు తీసుకుని, తూటాలు తీసేశాక ముందు మీరే వెళ్లండి. కాలి వెనక ముల్లు పదునుగా ఉంటుంది, బాబుని తర్వాత రమ్మనండి. కాసేపు వాడు మాట్లాడకపోయినా, ఏడ్చినా మామూలే. వెంటనే వాడి లైసెన్స్‌లోని ట్యాగ్ వాడి చేతే రాయించి కట్టించండి. 24 గంటల్లోగా టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల యాప్‌లో నమోదు చేయాలి. ఇంటికి చేరేదాకా పుంజు అని రుజువుగా ముల్లు ఉన్న కాలో, గడ్డం ఉన్న చర్మం ముక్కో ఉంచాలి. కారు దాకా మోసుకెళ్లేటప్పుడు ఆరెంజ్ గుడ్డ చుట్టండి.

మాంసం త్వరగా చల్లబరచండి, టెక్సస్‌లో పదింటికే ఎండ మొదలవుతుంది. ఛాతీ మాంసంలో కొవ్వు ఉండదు, సన్నగా కోసి పెరుగులో నానబెట్టి వేపుడు చేస్తే మెత్తగా ఉంటుంది, ఎక్కువసేపు ఉంచితే పీచు పీచు అవుతుంది. కాళ్లు పారేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నాటుకోడికి పెట్టినట్టే మసాలా పెట్టి కుక్కర్‌లో కోడికంటే రెట్టింపు విజిల్స్ రానిస్తే అసలు రుచి వాటిదే. మెడకి దగ్గరి ముక్కల్లో గుళ్లు వేలితో వెతికి తీయండి. టంగ్‌స్టన్ పంటికి తగిలితే విరిగేది పన్నే, అందుకని వడ్డించే ముందు ఇంట్లో పెద్దవాళ్లకి ఆ సంగతి చెప్పి వడ్డించండి.